మా శాంపిల్ ఏ సొరుగులో ఉంది?

ఉమ్మడి పరికర కేంద్రాలు నడిపే అధికారులకు, వాటికి నిధులిచ్చే శాఖల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఖరీదైన యంత్రాలు పెట్టి నలుగురికీ శాంపిళ్ళు కొలిచిపెట్టే మీ కేంద్రాల్లో మా పిల్లల శాంపిళ్ళకు పట్టిన గతి గురించి నేను రాస్తున్న ఐదో ఉత్తరం ఇది. మొదటి మూడూ ఈమెయిల్లో పంపాను. నాలుగోది రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది గానీ జవాబు రాలేదు. అందుకే ఈ ఐదోదాన్ని కవర్లో పెట్టి అంటించడం లేదు. నలుగురూ చదివేలా బయట పెడుతున్నాను.

నేను బరంపురంలో ఫిజిక్స్ చెప్పుకునే మాస్టారిని. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా గంజాం అటు వెళ్ళింది, మా ఇళ్ళల్లో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. క్లాసులో ఇంగ్లీషు, ఆఫీసులో ఒడియా, గుమ్మంలో చెప్పులు విడిచాక తెలుగు. నా దగ్గర పరిశోధన చేసే పిల్లల్లో ఒకమ్మాయిది పట్టుచీరలు నేసే ఇల్లు. నాన్న మగ్గం మీద కూర్చుంటాడు, అమ్మ ఆసు పోస్తుంది. ఆ అమ్మాయి సమేరియం, కోబాల్ట్ కలిపి అయస్కాంతపు పొడి తయారు చేస్తుంది. గొడవంతా ఆ పొడి గురించే.

మా కాలేజీలో ఒక ఎలక్ట్రోమాగ్నెట్ ఉంది. చూడ్డానికి బల్ల నిండా ఉంటుంది. నీళ్ళు పారిస్తూ చల్లబరచాలి. మే నెలలో కుళాయి నీళ్ళే వేడిగా వస్తాయి కాబట్టి అప్పుడు అది మొరాయిస్తుంది. ఇంత హంగామా చేసి అది ఇచ్చేది ఒకటిన్నర టెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని టెస్లాల్లో కొలుస్తాం). తక్కువేం కాదు, భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30,000 రెట్లు. కానీ సమేరియం కోబాల్ట్ మొండిఘటం. దాన్ని పూర్తిగా ఒక వైపుకి తిప్పాలంటే కొన్ని టెస్లాలు కావాలి, అడ్డదిశలో అయితే 9 టెస్లాకు కూడా లొంగదు. క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తూ అయస్కాంతం ఎంత తిరిగిందో ఒకటిన్నర టెస్లా దాకా గ్రాఫ్ గీస్తే ముచ్చటైన చిన్న లూప్, అంటే మూసుకున్న మెలిక గీత, ఒకటి వస్తుంది. ఆ లూప్ అబద్ధం. అయస్కాంతం సగం కూడా తిరగకుండా తీసిన గీత అది. దాన్ని చూసి ఈ పదార్థానికి ఇంత బలం, ఇంత పట్టు అని రాస్తే, పావుకిలో రాయితో బియ్యం బస్తా తూచినట్టే.

ఇనుప దిమ్మెతో చేసే ఏ ఎలక్ట్రోమాగ్నెట్‌కైనా 2 టెస్లాల చుట్టుపక్కలకు వచ్చేసరికి ఇనుము చేతులెత్తేస్తుంది. ఆపైన కావాలంటే అతివాహక తీగ చుట్టలే గతి. నయోబియం టైటానియం తీగను చుట్టి, మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో ముంచితే కరెంటు ఏ నిరోధం లేకుండా తిరుగుతుంది. 9 టెస్లా, ఇంకాస్త మంచి తీగతో 14, 16 టెస్లాల మెషీన్లు వచ్చేది అలాగే. మన దేశంలో అలాంటివి ఉన్నాయి, ప్రజల డబ్బుతో కొన్నవే. అమెరికాలో టాలహాసీలో 45 టెస్లాలు నిలకడగా ఇచ్చే అయస్కాంతం ఉంది, చైనా వాళ్ళు 2022లో హెఫేలో దాన్ని కొద్దిగా దాటారు. అమెరికాలోనే లాస్ ఆలమోస్‌లో 2012లో సెకనులో చిన్న ముక్కసేపు 100 టెస్లాలు దాటించారు. మేం అంత ఆశపడటం లేదు. మాకు 9 చాలు. రెండు రోజులు చాలు.

ఇప్పుడు జరిగింది చెప్తాను.

శాంపిల్ పంపడమంటే ఏమిటో మీ ల్యాబులో వాళ్ళకు తెలుసు, చదివే మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. మందుల షాపులో దొరికే ఖాళీ క్యాప్సూల్ ఒకటి తీసుకోవాలి. మిల్లీగ్రాముల్లో తూచిన పొడి అందులో వేసి, కదలకుండా పైన కొద్దిగా దూది కుక్కాలి. కదిలితే కొలత పోయినట్టే, ఎందుకంటే అంత క్షేత్రంలో పొడి రేణువులు తమంతట తామే తిరిగి కూర్చుంటాయి. క్యాప్సూల్‌ను కూల్‌డ్రింకు స్ట్రా లాంటి ప్లాస్టిక్ గొట్టంలోకి జొనిపి మెషీన్లోకి దింపుతారు. కోట్ల రూపాయల పరికరంలో ముప్పావలా స్ట్రా! మొదటిసారి చూసినప్పుడు నాకూ నవ్వొచ్చింది. నా దగ్గర చదివే ఆ అమ్మాయి అలాంటి క్యాప్సూళ్ళు నాలుగు చేసింది, ఒక్కోదాని మీద సన్నని పెన్నుతో నంబరు వేసి, పాత బిందీ డబ్బాలో పెట్టి, చుట్టూ స్పాంజి సర్ది, 9 టెస్లా మెషీన్ ఉన్న ఒక కేంద్రానికి కొరియర్ చేసింది.

శాంపిళ్ళు అందాయని చెప్పించుకోవడానికే రెండు నెలలు పట్టింది. తర్వాత మెషీన్ పాడైందన్నారు. తర్వాత హీలియం లేదన్నారు. తర్వాత ఫోన్ ఎత్తినాయన, "మీ పేరు మా రిజిస్టర్లో లేదండీ" అన్నాడు. 14 నెలల తర్వాత డబ్బా వెనక్కి వచ్చింది. తెరిచి చూస్తే రెండు క్యాప్సూళ్ళు విడిపోయి పొడి స్పాంజి మూలల్లో ఉంది. మూడోదాన్ని కొలిచారు. కానీ 5 టెస్లాల దాకానే. పైగా పంపింది డేటా ఫైలు కాదు, గ్రాఫ్ ఫొటో. నాలుగో క్యాప్సూల్ సీలు కూడా విప్పలేదు.

ఆ సాయంత్రం అమ్మాయి వాళ్ళ నాన్న మా ఇంటికొచ్చాడు. డబ్బా చేతిలోకి తీసుకుని, ఆ పొడిని వేలి కొసతో తాకి, "మాస్టారూ, జరీ తూకం తేడా వస్తే మేం ఆ పూటే సేటుతో తేల్చుకుంటాం. మీకాడ యేడాది దాటినా ఎవరూ చెప్పరా?" అన్నాడు. నేను కాఫీ తెప్పించాను. ఇంకేం చెప్పను?

ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క చోటుని బోనెక్కించి వదిలేస్తే సమస్య తీరదని నాకు తెలుసు. మా పక్క పర్లాకిమిడి, రాయగడ వైపు, ఇటు శ్రీకాకుళం వైపు పనిచేసే స్నేహితుల్ని కదిపితే ఎవరి డబ్బా కథ వాళ్ళకుంది.

మీ కష్టమూ తెలియనిది కాదు. ఒక శాంపిల్‌ని మైనస్ 271 డిగ్రీల దాకా దింపి, ఐదు ఉష్ణోగ్రతల దగ్గర ఐదు లూపులు తీయాలంటే ఒక రాత్రీ ఒక పగలూ దానికే పోతాయి. మధ్యలో కరెంటు పోయినా, అయస్కాంతం క్వెంచ్ అయినా, అంటే తీగ ఉన్నట్టుండి అతివాహకత పోగొట్టుకుని వేడెక్కినా, లోపలున్న హీలియం బుసకొట్టుకుంటూ బయటికి పోతుంది. టెక్నీషియన్ ఒక్కడే ఉంటాడు, అతనూ కాంట్రాక్టు మీద. క్యూ ఉండకూడదని మేం అనడం లేదు. క్యూలో మేం ఎక్కడున్నామో చెప్పమంటున్నాం.

ఇది ఒక ల్యాబు గొడవ, మాకెందుకు అనుకునేవాళ్ళు ఉంటారు. ఎందుకో వరసగా చెప్తాను.

1. మా కాళ్ళ కింద ఇసుక. బరంపురం నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఛత్రపురం దగ్గర సముద్రపుటిసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. ప్రభుత్వరంగ సంస్థ ఐఆర్ఈఎల్ అక్కడ ఇసుక తవ్వి ఇల్మెనైట్, జిర్కాన్, మోనజైట్ వేరుచేస్తుంది. అయస్కాంతాల్లో వాడే నియోడిమియం, సమేరియం లాంటి అరుదైన మూలకాలకు ఆ మోనజైటే ముడిసరుకు. అదే సంస్థ విశాఖలో సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు పెట్టింది, 2023 మే 11న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. అంటే ముడిసరుకు మా ఎడమ పక్క, అయస్కాంతం తయారయ్యేది కుడి పక్క, రైలెక్కితే పూటలో చేరుకునే దూరం. మధ్యలో ఉన్న మా పిల్లలకు ఆ అయస్కాంతాన్ని పూర్తిగా కొలిచి చూసే వీల్లేదు. 2025 ఏప్రిల్‌లో చైనా సమేరియం, డిస్ప్రోసియం, టెర్బియంతో సహా ఏడు మూలకాలకు, వాటితో చేసే అయస్కాంతాలకు ఎగుమతి లైసెన్సు పెట్టేసరికి మన బండ్ల కంపెనీలు గిలగిల్లాడాయి. ఆ నవంబరులో కేంద్రం అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల పథకం ప్రకటించింది. సంతోషం. తయారుచేసినవాటిని పరీక్షించగల మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారు? మా ఊళ్ళో ఈ-రిక్షా తోలే వాడికి లూపు సంగతి అక్కర్లేదు. కానీ వేసవిలో మోటారు కాగి అయస్కాంతం పట్టు సడలితే బండి గట్టెక్కదు, ఈఎంఐ మాత్రం ఆగదు. ఆ పట్టు ఎంత వేడిదాకా నిలుస్తుందో చెప్పేది ఎక్కువ క్షేత్రంలో, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర తీసిన ఆ లూపే.

2. ఎమ్మార్ఐ. ఒకటిన్నర టెస్లా స్కానర్లో ఉండేది కూడా నయోబియం టైటానియం చుట్టే, అదీ ద్రవ హీలియంలోనే బతుకుతుంది. హీలియం మనకు దాదాపు అంతా దిగుమతే. నా దగ్గర ఇంకో కుర్రాడు మెగ్నీషియం డైబోరైడ్ బిళ్ళలు చేస్తున్నాడు. 2001లో జపాన్ వాళ్ళు దానికి 39 కెల్విన్ (మైనస్ 234 డిగ్రీలు) దగ్గర అతివాహకత ఉందని కనిపెట్టారు. 20 కెల్విన్ (మైనస్ 253 డిగ్రీలు) దగ్గర పనిచేయించగలిగితే ద్రవ హీలియం తొట్టె లేకుండా కరెంటుతో నడిచే చల్లబరిచే యంత్రంతోనే సరిపెట్టొచ్చు. స్కానర్లు చవగ్గా చిన్న ఊళ్ళకు చేరే దారుల్లో అదొకటి. అయితే ఆ బిళ్ళ 20 కెల్విన్ దగ్గర ఎంత క్షేత్రాన్ని ఓర్చుకుంటుంది, ఎంత కరెంటు మోస్తుంది? ఒకటిన్నర టెస్లాతో ఈ ప్రశ్నకు జవాబు రాదు. కుర్రాడు బిళ్ళ మీద వెండి పెయింటుతో వెంట్రుకంత తీగలు నాలుగు అంటించి పంపాడు. గోపాలపురం సముద్రపు గాలి తేమకో కొరియర్ కుదుపుకో రెండు ఊడాయి. పక్కన వాడుంటే పది నిమిషాల్లో మళ్ళీ అంటించేవాడు. లేడు కాబట్టి "కాంటాక్ట్ పోయింది" అని రాసి పక్కన పెట్టారు. గజపతి కొండల మీంచి స్కానింగు కోసం తెల్లవారుజామున బస్సెక్కి బరంపురం వచ్చే ముసలమ్మకీ ఆ ఊడిన తీగకీ సంబంధం ఉందంటే అతిశయోక్తి అనుకోకండి, చాలా దూరపు సంబంధమే, కానీ ఉంది.

3. ఉద్యోగాలు. 2025 ఆగస్టులో కేంద్రం భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాక్టరీకి అనుమతిచ్చింది, ఏడాదికి 60,000 వేఫర్లట, అంటే చిప్పులు తయారయ్యే పలుచని బిళ్ళలు. మా పిల్లలు ఆ వార్తని ఫోన్లలో స్టేటస్ పెట్టుకున్నారు. చిప్పులు చేసే అర్ధవాహకంలో కరెంటు మోసేవి ఎన్ని, ఎంత చురుగ్గా కదులుతున్నాయి అన్నది హాల్ కొలతతో తెలుస్తుంది. అయస్కాంత క్షేత్రంలో కరెంటు పారించి, దానికి అడ్డంగా పుట్టే ఓల్టేజీని కొలవడం, ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన పద్ధతే. మా ల్యాబులో అర టెస్లా దగ్గర తీస్తే ఆక్సైడ్ పొరల్లో వచ్చే ఓల్టేజీ నాయిస్‌లో కలిసిపోతుంది. 9 టెస్లా దగ్గర అది పద్దెనిమిది రెట్లు. పైగా కరెంటు మోసేవి రెండు రకాలున్న పదార్థంలో ఆ ఓల్టేజీ గీత వంగేది ఎక్కువ క్షేత్రంలోనే, తక్కువలో తిన్నగా కనబడి మోసం చేస్తుంది. ఆ వంపు ఒక్కసారైనా కళ్ళతో చూడని పిల్లల్ని ఇంటర్వ్యూకి పంపుతున్నాం. ఎక్కువ క్షేత్రంలోకి వెళ్ళి చూడబట్టే 1980లో గ్రెనోబుల్‌లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫాన్ క్లిట్జింగ్‌కి క్వాంటం హాల్ మెట్లు, అంటే ఆ గీత సాఫీగా కాక మెట్లుమెట్లుగా ఎక్కడం, కనిపించాయి, 1985లో నోబెల్ వచ్చింది. మా వాళ్ళకి నోబెల్ అక్కర్లేదు లెండి, ఆపరేటర్ ఉద్యోగం వచ్చినా చాలు.

4. సరిహద్దు. ఇది మీలో చాలామందికి తట్టదు. ఇచ్ఛాపురం పిల్ల బరంపురంలో చదివితే ఊరు ఆంధ్రా, చదువు ఒడిశా. ప్రయాణ ఖర్చుల సాయం అడిగితే ఒక రాష్ట్రం వాళ్ళు సొంత ఊరు చూసి అటు పొమ్మంటారు, ఇంకో రాష్ట్రం వాళ్ళు కాలేజీ చూసి ఇటు పొమ్మంటారు. నా దగ్గర రెండు కాగితాలూ ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి పెట్టి పిన్ను కొట్టుకున్నాను.

5. ఏళ్ళు. ఇదొక్కటి చెప్పడానికే ఎక్కువ కష్టంగా ఉంది. ఆ అమ్మాయి ఫెలోషిప్ ఐదేళ్ళూ అయిపోయాయి. పత్రిక వాళ్ళు పేపర్ని తిప్పి పంపుతూ, 9 టెస్లా డేటా లేకుండా ఈ అంకెల్ని నమ్మలేం అన్నారు. వాళ్ళది తప్పు కాదు, నేనున్నా అదే అంటాను. ఇప్పుడు అమ్మాయి ఓ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తూ, రాత్రిళ్ళు ఆ గ్రాఫ్ ఫొటో మీద స్కేలు పెట్టి ఒక్కో బిందువు విలువ కొలిచి రాసుకుంటోంది. ఆ అంకెలు మీ కంప్యూటర్లో ఒక ఫైలుగా ఉన్నాయి. పంపడానికి ఒక్క క్లిక్కు చాలు.

హీలియం గురించి ఒక్క మాట. "హీలియం లేదు" అన్న జవాబు విన్నప్పుడల్లా నాకు గుంటూరు గుర్తొస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరులో మకాం వేసి, సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని విడదీసి చూశాడు. అదే ఏడు ఇంగ్లండులో లాక్యర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ కాంతిలో ఒక పసుపు గీతని పట్టుకున్నాడు. భూమ్మీద అప్పటికి ఎవరికీ తెలియని మూలకానిది ఆ గీత. సూర్యుడి పేరు మీదే హీలియం అన్నారు. దాని కథ మొదలైన నేల మీద ఇవాళ అది లేక పని ఆగుతోంది. ఒక లీటరు ద్రవ హీలియం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. దాన్ని గొట్టాలతో పట్టి, కుదించి, మళ్ళీ ద్రవంగా చేసుకోవచ్చు. పట్టకపోతే ఆకాశంలోకి పోతుంది, ఇక తిరిగి రాదు. బోరింగు కింద బిందె పెట్టకుండా కొడుతూ నీళ్ళు లేవంటే ఊళ్ళో ఎవరైనా ఊరుకుంటారా?

మా కోరికలు ఇవి.

1. వచ్చిన ప్రతి శాంపిల్‌కీ నంబరు ఇవ్వండి, ఆ నంబరు వరసలో ఎక్కడుందో అందరికీ కనిపించేలా పెట్టండి. ఎవరిది ముందుకు జరిగినా కారణం పక్కన రాయండి. పరికరాలు పంచుకోవడానికి ఐ-స్టెమ్ అనే జాతీయ పోర్టల్ 2020 జనవరిలోనే మొదలైంది. మెషీన్ ఉందని అందులో చూపిస్తే సరిపోదు, ఏ రోజున ఖాళీయో చూపించాలి.

2. 30 రోజుల్లో అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి. కాదన్నా ఫర్వాలేదు, ఇంకో తలుపు తడతాం.

3. ముడి డేటా ఫైలు మొత్తం ఇవ్వండి. ఫొటోలొద్దు.

4. మెషీన్ గంటల్లో ఐదో వంతు జిల్లా కాలేజీలకు, దూరపు విశ్వవిద్యాలయాలకు విడిగా పెట్టండి. రాత్రి షిఫ్టు ఇచ్చినా మా పిల్లలు వస్తారు, నిద్ర వాళ్ళకి కొత్త సమస్య కాదు.

5. శాంపిల్‌తో పాటు దాన్ని చేసిన విద్యార్థిని రానివ్వండి. రైలు టికెట్టు, హాస్టల్లో రెండు రాత్రులు. ఏ రాష్ట్రం అని అడక్కుండా, ఏ శాంపిల్ అని మాత్రమే అడిగి ఇవ్వండి.

6. హీలియం పట్టి తిరిగి వాడుకునే ఏర్పాటు లేని కేంద్రానికి కొత్త అయస్కాంతం మంజూరు చేయకండి. ఉన్నవాటికి ముందు ఆ ఏర్పాటుకే డబ్బివ్వండి. ఇందులో మాకు నేరుగా ఒరిగేది తక్కువే, అయినా ఇది ముందు జరగాలి.

7. దక్షిణ ఒడిశా, ఉత్తరాంధ్ర రెంటికీ కలిపి ద్రవ హీలియం అక్కర్లేని 9 టెస్లా యంత్రం ఒక్కటి పెట్టండి. లోపలి వాయువునే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటూ కరెంటుతో చల్లబరిచే యంత్రంతో నడిచేవి ఇప్పుడు దొరుకుతున్నాయి. బరంపురంలో పెట్టినా, విశాఖలో పెట్టినా మాకు అభ్యంతరం లేదు. పొద్దున రైలెక్కి క్యాప్సూల్ దింపి, మర్నాటికి ఇంటికొచ్చేంత దూరంలో ఉంటే చాలు. నడిపే టెక్నీషియన్‌కి పర్మనెంటు పోస్టు ఇవ్వండి. మనిషి లేని మెషీన్ అంటే ఏమిటో ప్రతి కాలేజీ స్టోర్‌రూములోనూ గుడ్డ కప్పి ఉంది.

వీటిలో మొదటి మూడింటికీ రూపాయి ఖర్చు లేదు. ఈ సోమవారం నుంచే మొదలుపెట్టొచ్చు. మిగతావాటికి బడ్జెట్ కావాలి, ఫైలు కదలాలి, తెలుసు. కదిలిస్తున్నామని ఒక ముక్క రాసినా ఆగుతాం.

మొన్న అమ్మాయి వచ్చి పొడి మళ్ళీ నూరింది. ఈసారి క్యాప్సూల్ మూతకి జిగురు పూసింది, డబ్బా కూడా మార్చింది. నంబర్లు ఐదు నుంచి ఎనిమిది. నాలుగూ తేమ తగలకుండా మా డెసికేటర్ పాత్రలో ఉన్నాయి. ఏ తేదీకి తీసుకురమ్మంటారో రాయండి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ మాస్టారు
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా